రుబెల్లా కార్డ్ టెస్ట్‌లో గీత రాలేదు, ఇప్పుడు టీకా వేయించుకోవాలా?

మీరు ప్రెగ్నెన్సీ ప్లాన్ చేస్తున్నారు, క్లినిక్‌లో వేలు గుచ్చి కార్డ్ మీద చూస్తే రుబెల్లా ఐజీజీ (ఇమ్యూనిటీ ఉందని చెప్పే యాంటీబాడీ) గీత రాలేదు, అమ్మగారేమో చిన్నప్పుడే తట్టు పోసిందిగా ఇంకేం కాదు అంటున్నారు, ఇదీ కదండీ మీ డౌటు. నేను విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఈ కార్డులు చేస్తుంటాను కాబట్టి తెలిసింది చెప్తా.

ముందు అమ్మగారి మాట పక్కన పెట్టండి. తట్టు వేరే వైరస్, రుబెల్లా వేరే వైరస్. పైగా చిన్నప్పుడు ఒళ్లంతా దద్దుర్లొచ్చిన ప్రతి జ్వరాన్నీ మనవాళ్లు తట్టు అనో అమ్మవారనో అనేస్తారు, డాక్టర్లు కూడా ఆ జ్ఞాపకాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక కార్డ్. సీ గీత (కార్డ్ సరిగ్గా పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత) రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు, ఇంకోటి చేయాల్సిందే. సీ వచ్చి జీ (ఐజీజీ) దగ్గర ఏమీ లేకపోతే నెగెటివ్. అసలు తంటా సన్నటి గులాబీ నీడలాంటి గీతతోనే, కార్డ్ ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి నేను ఉందంటా, పక్కనున్నావిడ లేదంటుంది, పావుగంటకి చూడాల్సింది గంట తర్వాత చూస్తే లేని గీత కూడా కనిపిస్తుంది. యాంటీబాడీలు తక్కువగా ఉన్నవాళ్లకి కార్డ్ ఒక్కోసారి నెగెటివ్ చూపిస్తుంది. మా చెల్లికి అదే జరిగింది, కార్డ్‌లో ఏమీ లేదు, నరం నుంచి రక్తం తీసి మిషన్ మీద ఐజీజీ చేస్తే 28 వచ్చింది. మామూలుగా మిల్లీలీటరుకి 10 ఐయూ (యాంటీబాడీలని కొలిచే యూనిట్) దాటితే ఇమ్యూనిటీ ఉన్నట్టే లెక్క, కాకపోతే మీ రిపోర్ట్‌లో పక్కనే ఇచ్చే రేంజ్ చూస్కోండి, కిట్‌ని బట్టి మారుతుంది.

కాబట్టి ఇప్పుడు కడుపుతో లేరని ఖాయమైతే మిషన్ టెస్ట్ చేయించుకోండి, లేదా డాక్టర్‌ని అడిగి నేరుగా ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే టీకా) వేయించేసుకోండి, ఇమ్యూనిటీ ఉన్నవాళ్లు వేయించుకున్నా నష్టం లేదు. టీకా తర్వాత ప్రెగ్నెన్సీకి కనీసం నెల రోజులు ఆగాలి, మా డాక్టర్ మేడమ్ అయితే మూడు నెలలంటారు. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో స్కూళ్లలో ఎమ్ఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేశారు గానీ అది 15 ఏళ్ల లోపు పిల్లలకి, అప్పటికే కాలేజీకొచ్చేసినవాళ్లు మిస్సయ్యారు.

ఒకవేళ ఇప్పటికే నెల తప్పి ఉంటే మాత్రం టీకా వద్దు, అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసింది. ఇమ్యూనిటీ లేదని తేలితే డెలివరీ అయ్యాక వేస్తారు, పాలిస్తున్నా పర్లేదు, అప్పటిదాకా దద్దుర్లూ జ్వరం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లకండి. మొదటి మూడు నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకి కంట్లో శుక్లం, చెవుడు, గుండె లోపం రావచ్చు, అందుకే ఇంత గొడవ.

ఇంకోటి, ఇమ్యూనిటీ చూడ్డానికి ఐజీఎమ్ (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ) అక్కర్లేదు. టార్చ్ ప్యానెల్ అని, కడుపులో బిడ్డకి హాని చేసే రుబెల్లా లాంటి ఇన్ఫెక్షన్ల టెస్టులన్నీ కలిపి రాసేస్తారు, అందులో ఐజీఎమ్ పాజిటివ్ అని చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చుకుంటూ మా కౌంటర్ దగ్గరికొచ్చినవాళ్లున్నారు. దద్దుర్లు, జ్వరం ఏమీ లేకుండా వచ్చే ఐజీఎమ్ పాజిటివ్‌లలో తప్పుడువి చాలానే ఉంటాయి. ఆ ఒక్క కాగితం చూసి ఎవరైనా అబార్షన్ అంటే ఒప్పుకోకండి, రిపీట్ శాంపిలూ ఐజీజీ ఎవిడిటీ టెస్టూ (ఇన్ఫెక్షన్ కొత్తదా పాతదా తేల్చేది) అడగండి.

కింద కామెంట్లలో ఒకాయన అమెరికా యూనివర్సిటీ టీకాల ఫారానికి ఈ కార్డ్ రిపోర్ట్ సరిపోతుందా అని అడిగారు. దాని మీద ఆధారపడకండి, సాధారణంగా వాళ్లు రెండు డోసుల ఎమ్ఎమ్ఆర్ తేదీలో, ల్యాబ్ ఐజీజీ రిపోర్టో అడుగుతారు.