డ్రాయింగు మాస్టారి జవాబులు: మీ అటక మీద ఏముంది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండీ. డిగ్రీ చదివేటప్పుడు కవితలు రాసేదాన్ని. పెళ్లయి సఖినేటిపల్లి దగ్గర ఊరికి వచ్చాక పెన్ను పట్టలేదు. మాది కొబ్బరి వ్యాపారం. పొద్దున్న లేస్తే దింపు వాళ్లకీ ఒలుపు వాళ్లకీ టీలు, పిల్లల క్యారేజీలు, గేదెల పని. మా అత్తగారు కురిడీ కాయని చెవి దగ్గర ఊపి ‘ఇది అయింది, ఇది ఇంకా ఉండాలి’ అని చెప్పేస్తారు. నాకు ఆ మాత్రం కూడా రాదు. మొన్న మళ్లీ రాద్దామని కూర్చుని ‘ప్రకృతి ఒడిలో పులకించింది నా హృదయం’ అని మొదలుపెట్టాను. రెండో పాదం రాలేదు. ఫోన్లో చూస్తే అందరూ మంచుకొండల మీద, కాఫీ షాపుల మీద రాస్తున్నారు. మా ఇంట్లో కవిత్వానికి ఏముందండీ? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెండో పాదం రాకపోవడమే మంచిదైంది. ఆ మొదటి పాదం ఏ ఊళ్లో కూర్చుని ఎవరైనా రాయగలరు. అందులో మీరు లేరు. మీరున్నది అత్తగారి గురించి రాసిన ఆ రెండు ముక్కల్లో. వాటిని మీరు ఫిర్యాదులా రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

కురిడీ సంగతి మన గోదావరి డెల్టా బయట చాలామందికి తెలియదు. ముదిరిన కాయల్ని అటక మీద నెలల తరబడి అలాగే ఉంచుతారు. మొదట్లో ఊపితే నీళ్లు గలగలమంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆ నీళ్లు ఇంకిపోతాయి, కొబ్బరి ఎండి బిగుసుకుంటుంది, చిప్ప నుంచి ఊడి గుండులా లోపలే దొర్లుతుంది. అప్పుడు వినిపించేది పూర్తిగా వేరే చప్పుడు. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎంత కాలం గడిచిందో మీ అత్తగారి చెవికి తెలుసు. కాయ పగలగొట్టకుండా లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. కవిత్వానికి ఏముందని అడిగారు కదా, ముందు ఆవిడ పక్కన కూర్చోండి. కాయ మీరూ ఊపండి. ఆ చప్పుడుకి ఆవిడ ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి, దాన్ని పుస్తకాల భాషలోకి మార్చకండి.

కొత్త నోటుబుక్కు కొనొద్దు. దింపు లెక్కలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీలు చాలు. ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి. నెల రోజుల పాటు అందం, హృదయం, ప్రకృతి, పులకింత అనే మాటలు రాయకూడదు. అవి లేకపోతే మీరు తప్పనిసరిగా వస్తువు దగ్గరికి వెళ్తారు. గేదె నీళ్లు తాగేటప్పుడు చెవులు ఎలా పెడుతుంది, ఒలుపు మనిషి గునపానికి కాయని ఏ కోణంలో దింపుతాడు, డొక్క (పైన ఉండే పీచు) ఊడేటప్పుడు ఎలా చప్పుడవుతుంది. నేను ఉద్యోగమంతా పిల్లలకి బొమ్మలు నేర్పాను. కొబ్బరిచెట్టు గియ్యమంటే కోనసీమ పిల్లలు కూడా నిలువు గీత గీసి, పైన గొడుగు పెట్టేవారు. బయటికి తీసుకెళ్లి చూపిస్తే అప్పుడు కనిపించేది, కాలువ గట్టు మీద చెట్టు వెలుగు కోసం నీళ్ల మీదికి వంగి, మళ్లీ పైకి లేస్తుందని. పుట్టినప్పటి నుంచీ ఆ చెట్ల కిందే తిరిగినవాళ్లు వాళ్లంతా.

రేవుకి వెళ్తుంటారు కదా, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం నిలబడ్డప్పుడు ఫోను సంచిలో పెట్టి గుర్రపు డెక్కని చూడండి. కాలువల్లోంచి గోదావరి పాయ వసిష్ఠలోకి కొట్టుకొచ్చిన ముద్దలు పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, సముద్రం వైపు పోతాయి. పోటు తగిలితే, అంటే సముద్రం పొంగితే, అవే ముద్దలు వెనక్కి, ఎగువకి, పూలతో సహా తిరిగి వస్తాయి. రోజుకి రెండు పోట్లు, మర్నాడు అవే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. చంద్రుడు ఏ వేళకి ఎక్కడున్నాడో ఆ మొక్క తేలే దిక్కులో తెలుస్తుంది. ఇంత జరుగుతుంటే మంచుకొండలు మనకెందుకమ్మా?

ఇక టైము లేదన్న బాధ. అది నిజమైన బాధే, నేను కొట్టిపారెయ్యను. పంటు దిగితే నరసాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పనిని ఇప్పటికీ అల్లుతున్నారు. అరుగు మీద కూర్చుని, అన్నం ఉడికేలోపు ఒక పువ్వు, పిల్లాడు బడి నుంచి వచ్చేలోపు ఇంకో పువ్వు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్లు వేరు. (వాళ్లకి దక్కే కూలి చాలా తక్కువ. ఆ చేతుల్ని మెచ్చుకునే మనం ఆ సంగతి మర్చిపోకూడదు.) మీరూ అలాగే రాయండి. పొయ్యి దగ్గర ఒక వాక్యం, సావిట్లో ఒక వాక్యం. అతుకుపని ఆదివారం మధ్యాహ్నం చూసుకోవచ్చు. అతికాక నాకు పంపండి, అత్తగారికి చదివి వినిపించాకే సుమా. తప్పులుంటే ఆవిడే ముందు పట్టుకుంటారు.

ప్రశ్న: సార్, మాది భీమవరం దగ్గర. మా తాత హయాంలో చుట్టూ వరిచేలు. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. నేను చెరువు దగ్గర నైట్ కాపలా ఉంటాను. ఫోటోలు తీయడం ఇష్టం. కానీ ఇక్కడ తీయడానికి ఏముంది, పచ్చదనమే పోయింది. – ఒక యువకుడు

జవాబు: బాబూ, పోయినదాని గురించి నీ బాధ న్యాయమైనదే. ఓదార్పు మాటలు చెప్పి దాన్ని తగ్గించను. అయితే ఒక సంగతి గుర్తుంచుకో. నువ్వు తలుచుకుంటున్న ఆ పచ్చదనం కూడా మనుషుల చేతుల్లోంచి వచ్చిందే. కాటన్ దొర నడిపించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలువలు తవ్విన కూలీల పేర్లు ఎక్కడా లేవు. అంతకుముందు ఇదే నేల కరువులూ చూసింది, వరదలూ చూసింది. మీ తాత చూసిన చేను ఒక కాలం, నువ్వు చూస్తున్న చెరువు ఇంకో కాలం. రెండిటినీ చూసినవాళ్లు మీ ఇంట్లో ఉండే ఉంటారు. తాత ఉంటే చెరువు గట్టు మీద నిలబెట్టి, ‘ఇక్కడ ఏ చేను ఉండేది?’ అని అడుగు. ఆయన చెయ్యి ఎటు చూపిస్తుందో అది ఫోటో తియ్యి.

నీ రాత్రుల్ని తక్కువ చేసుకోకు. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలో నాచు ప్రాణవాయువుని తయారుచేస్తుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం సాగుతుంది. అందుకే తెల్లవారుజాముకి నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ అందుకునే లోపల నీకు ఎంత టెన్షనో బయటివాళ్లకి తెలియదు. ఆ నిశ్శబ్దంలో నీ ముఖం, టార్చి వెలుతురులో పైకి తీసిన చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం), నీళ్ల పైకి వచ్చిన రొయ్యల కళ్లు ఎర్రగా మెరవడం, ఇవి ఫోటోలు కావా? నాకైతే సూర్యాస్తమయం ఫోటోల కంటే అవే కావాలి. ఫోటో వెనక తేదీ, వేళ, ఆ రాత్రి ఏం జరిగిందో రాసిపెట్టు. ఉప్పు చేరిన పక్క చేలు కనిపిస్తే అవీ తియ్యి. అందంగా లేవని వదిలెయ్యకు.

ప్రశ్న: మాస్టారూ, మా పాప ఏడో తరగతి. ఎప్పుడూ బొమ్మలే. చదువు పాడవుతుందని మా వారి భయం. మాన్పించాలా? – ఒక తల్లి, రావులపాలెం

జవాబు: వద్దమ్మా. రాజమండ్రిలో దామెర్ల రామారావు అని ఒక కుర్రాడు ఉండేవాడు. 1897లో పుట్టాడు. అతని బొమ్మలు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంట పడ్డాయి. ఆయన వెన్ను తట్టి, బొంబాయిలో జేజే చిత్రకళా స్కూల్లో చదివేదాకా అండగా నిలిచారు. 1925లో మశూచితో పోయేనాటికి రామారావుకి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కొద్ది ఏళ్లలోనే తెలుగు బొమ్మకి ఒక దారి వేసి వెళ్లాడు. ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. మీకు దూరం కాదు, సెలవు రోజు మీ వారినీ పాపనీ కలిపి తీసుకెళ్లండి. పాప ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోతే పదమని లాగొద్దు. వచ్చేటప్పుడు హెచ్‌బీ ఒకటి, సిక్స్‌బీ ఒకటి, రెండు పెన్సిళ్లు కొనివ్వండి. రంగులు తర్వాత చూద్దాం. లెక్కల్లో మార్కులు తగ్గితే లెక్కలు కూర్చోబెట్టి చెప్పించండి, బొమ్మలు మాత్రం మాన్పించకండి.