టెక్ సందేహాలు: పాత పామ్ అంత చురుగ్గా ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న: నా దగ్గర 1998 నాటి పామ్ త్రీ చేతి కంప్యూటర్ ఉంది. ఈమధ్య కొత్త బ్యాటరీలు వేస్తే మళ్లీ పనిచేసింది. బటన్ నొక్కీ నొక్కగానే క్యాలెండర్ వచ్చేస్తోంది. అంతకంటే ఎన్నో రెట్లు శక్తి ఉన్న నా ఫోన్ అదే పనికి ఎందుకు తడబడుతోంది? దీన్ని మళ్లీ రోజూ వాడుకోవచ్చా?

జవాబు: మీరు గమనించిన తేడా నిజమైనదే, దానికి కారణం ప్రాసెసర్ వేగంలో లేదు. మీ చేతిలోని పరికరం 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో, 2 మెగాబైట్ల మెమరీతో నడుస్తోంది. 1996లో వచ్చిన పామ్ తొలి మోడల్ పైలట్ 1000లోనైతే ఉన్న మెమరీ మొత్తం 128 కిలోబైట్లు మాత్రమే. ఇంత తక్కువ సరంజామాతో ఆ చురుకుదనం ఎలా సాధ్యమైందో తెలియాలంటే, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పామ్ ఓఎస్ ఏ పనులు చేయకుండా మానేసిందో చూడాలి.

మామూలు కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఒకచోట నిల్వ ఉంటుంది. తెరిచినప్పుడల్లా దాన్ని అక్కడి నుంచి పని జరిగే మెమరీలోకి తెచ్చుకోవాలి, పని ముగిశాక మార్పులను తిరిగి నిల్వచోటికి చేర్చాలి. మీ పామ్‌లో ఈ రాకపోకలే లేవు. ప్రోగ్రామ్ ఉన్నచోటనే నడుస్తుంది, మీ చిరునామాలూ అపాయింట్‌మెంట్లూ ఉన్నచోటనే మారతాయి. అందుకే అందులో ‘సేవ్’ చేయవలసిన అవసరం మీకెప్పుడూ రాలేదు. పైగా తెర మీద ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే ఉంటుంది. మరొకటి తెరిస్తే మొదటిది తానున్న స్థితిని గుర్తుపెట్టుకుని తప్పుకుంటుంది. మీరు తెర మీద రాసే పుల్ల (స్టైలస్) ఎత్తి ఆలోచిస్తున్న ఆ కాస్త సమయంలో కూడా ప్రాసెసర్ కునుకు తీస్తుంది. రెండు చిన్న ట్రిపుల్ ఏ బ్యాటరీలు వారాల తరబడి రావడానికి ముఖ్య కారణం అదే.

మీ ఫోన్ చేసే పని వేరు. క్యాలెండర్ తెరవబోయే సమయానికే అది సందేశాలు, మెయిల్, నెట్‌వర్క్, లొకేషన్ వంటివెన్నో చూసుకుంటూ ఉంటుంది. వాడని యాప్‌ను మెమరీ నుంచి తీసేసి ఉంటే దాన్ని మళ్లీ మొదటి నుంచి లేపాలి. ఇది ఫోన్ తప్పు అనడం న్యాయం కాదు, మనం అడిగిన పనులే అవన్నీ.

ఇక రెండో బలం రూపకల్పనలో ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కూడా అదే. పామ్ సృష్టికర్త జెఫ్ హాకిన్స్, అసలు పరికరం తయారు కాకముందే, ఆ పరిమాణంలో ఒక చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగి, అవసరం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి నిజంగా రాసుకుంటున్నట్టు పరీక్షించి చూశారు. మనిషి రోజులో ఎన్నిసార్లు, ఎంతసేపు దాన్ని బయటికి తీస్తాడన్న లెక్క నుంచే మిగతా నిర్ణయాలు వచ్చాయి. మీ పరికరంలోనే ఒకసారి పరీక్షించండి. కింద ఉన్న మెమో బటన్ నొక్కండి. జాబితా కనిపించగానే ఏ మెనూ వెతక్కుండా, రాసే గడిలో అడ్డగీత లేని ఇంగ్లీష్ ‘A’ అక్షరాన్ని, అంటే తలకిందుల ‘V’ ఆకారాన్ని, ఒక్క గీతతో గీయండి. కొత్త మెమో దానంతటదే తెరుచుకుని అందులో ఆ అక్షరం పడుతుంది. తరచుగా చేసే పనికి ఒక్క అడుగు, అరుదైన పనికి మెనూ: ఈ నియమాన్ని వారు చాలా శ్రద్ధగా పాటించారు. చేతిరాత విషయంలోనూ అంతే. 1993లో వచ్చిన ఆపిల్ వారి చేతి కంప్యూటర్ న్యూటన్ మనం ఎలా రాస్తే అలా చదవబోయి ఇబ్బంది పడితే, పామ్ మాత్రం గ్రఫీటీ అనే సరళమైన లిపిని మననే నేర్చుకోమంది. నేర్చుకోవడానికి పట్టేది కొద్ది సమయమే, ఆ తర్వాత యంత్రం తప్పు చదవడం బాగా తగ్గిపోయింది.

వాడుకోవచ్చా అంటే, క్యాలెండర్‌కూ నోట్సుకూ నిశ్చింతగా వాడుకోవచ్చు, ఆ క్యాలెండర్ 2031 డిసెంబర్ 31 వరకూ పనిచేస్తుంది. చిక్కు సింక్ దగ్గర, అంటే అందులోని సమాచారాన్ని కంప్యూటర్‌తో కలిపి సరిచూసుకునే దగ్గర వస్తుంది, ఎందుకంటే దాని స్టాండు సీరియల్ పోర్టుకు తగిలించేది, నేటి కంప్యూటర్లలో ఆ పోర్టు దాదాపు కనిపించదు. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, ఆ సింక్ పని చేసే పామ్ వారి హాట్‌సింక్ సాఫ్ట్‌వేర్ నడిచే పాత కంప్యూటర్ దొరికితేనే ఆ దారి తెరుచుకుంటుంది.

ప్రశ్న: బ్యాటరీలు అయిపోతే పామ్‌లో రాసుకున్నదంతా పోతుందట, నిజమేనా? పాస్‌వర్డ్‌లు రాసి ‘ప్రైవేట్’ అని గుర్తు పెట్టుకుంటే చాలా?

జవాబు: నిజమే. పైన చెప్పిన వేగానికి చెల్లించిన మూల్యం ఇదే. మీ సమాచారమంతా కరెంటు అందుతున్నంతసేపే నిలిచే మెమరీలో ఉంటుంది. బ్యాటరీలు మార్చేటప్పుడు మీకు దొరికే వ్యవధి సుమారు ఒక నిమిషం. కాబట్టి కొత్తవి చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాకే పాతవి తీయండి. ఆపరేటింగ్ సిస్టమ్ చెరగని మెమరీలో ఉంటుంది కనుక దానికేమీ కాదు, మీ రాతలే పోతాయి. 2004లో వచ్చిన పామ్ వారి ఫోన్ ట్రియో 650 వంటి మోడళ్లలో ఈ లోపాన్ని సవరించి, కరెంటు లేకున్నా చెరగని ఫ్లాష్ మెమరీ పెట్టారు. అయితే అప్పుడు ప్రోగ్రాములను అక్కడి నుంచి తెచ్చుకోవలసిన పని మొదలై, మునుపటి చురుకుదనం కొంత తగ్గింది.

పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి. ‘ప్రైవేట్’ అన్న గుర్తు ఆ రికార్డును తెర మీద కనిపించకుండా దాస్తుందే తప్ప, లోపలి అక్షరాలను రహస్య సంకేతాలుగా మార్చదు. సింక్ చేసినప్పుడు కంప్యూటర్‌లోకి వెళ్లే నకలులోనూ అవి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.