పాలమూరు, నల్లగొండ పాత హైస్కూళ్ల రిజిస్టర్లు ఉర్దూలో ఎందుకున్నాయి?

తమ తాతగారు చదివిన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పాత రిజిస్టర్లు ఉర్దూలో ఉండటానికి కారణమేమిటని ఒక పాఠకులు అడిగారు. నిజాం పాలనలో సర్కారు బడుల్లో ఉర్దూయే ప్రధాన బోధనాభాష. ప్రాథమిక బడిని తహతానియా, మాధ్యమికాన్ని వస్తానియా, హైస్కూలును ఫౌఖానియా అనేవారు. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి వినని పిల్లవాడు లెక్కలూ చరిత్రా ఉర్దూలోనే అప్పజెప్పవలసి వచ్చేది, అది చిన్న కష్టం కాదు. ఆ రోజుల్లో తెలుగును నిలబెట్టింది బడికన్నా గ్రంథాలయమేనని నా నమ్మకం. నల్లగొండలో 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలసింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమయ్యాక తెలుగు మాధ్యమం విస్తరించింది.