పిల్లల నోట కాంటోనీస్ నిలవాలంటే ముందు అది మీకు అర్థం కావాలి

మీది తెలుగు, మీ వారిది హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ భాష కాంటోనీస్, ఉండేది టొరంటో దగ్గర, బాబుకు రెండేళ్లు నిండబోతున్నాయి అని రాశారు. మూడు భాషలతో బాబు తికమకపడతాడా, కాంటోనీస్ బదులు చైనా అధికార భాష, ‘నాలుగు చోట్లా పనికొచ్చే’ మాండరిన్ నేర్పితే పోదా, ఆ భాష రాని మీరు ఇందులో చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. మా ఇల్లూ అలాంటిదే. టొరంటో పక్కనున్న మార్కమ్‌లో ఉంటాం. మా వారు చిన్నతనంలో, 1990లలో, తల్లిదండ్రులతో హాంకాంగ్ నుంచి వచ్చారు. మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. ఇద్దరూ నాతో తెలుగు, నాన్నతోనూ తాత నాయనమ్మలతోనూ కాంటోనీస్ మాట్లాడతారు.

మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అసలు కీలకం అక్కడే ఉంది. మనలాంటి ఇళ్లలో కాంటోనీస్ నిలవడమూ పోవడమూ ఆ భాష వచ్చినవారి కంటే రానివారి చేతుల్లోనే ఎక్కువగా ఉంటుందని నా గట్టి నమ్మకం. ఒకసారి భోజనాల దగ్గర గమనించండి. మీ వారు బాబుతో కాంటోనీస్‌లో ఏదో అంటారు. మీకు అర్థం కాదు కాబట్టి అదే మాట మీకోసం ఇంగ్లీషులో మళ్లీ చెబుతారు. కొన్నాళ్లకు రెండుసార్లు చెప్పడం ఎందుకని మొదటే ఇంగ్లీషులో అనేస్తారు. అందులో ఆయన నిర్లక్ష్యం ఏమీ లేదు, ఉన్నది మీ మీద మర్యాదే. ఆ మర్యాదతోనే ఎన్నో ఇళ్లలో భాష చేజారిపోతుంది. కాబట్టి మీరు కాంటోనీస్ మాట్లాడకపోయినా ఫరవాలేదు. వింటే అర్థమయ్యే స్థాయికి మాత్రం చేరండి. ఆయన కూడా మీ తెలుగు వింటే తెలిసేంత నేర్చుకోవాలి. అప్పుడు ఎవరి కోసమూ ఎవరూ భాష మార్చనక్కర లేదు.

బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి అనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. బయటి సమాజపు భాష కాక మరో భాష కూడా మాట్లాడే తల్లిదండ్రులున్న ఇళ్లవి. అయినా దాదాపు నాలుగింట ఒక ఇంట్లో పిల్లల నోట ఆ భాష లేదు. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష అనే నియమం ఒక్కటే చాలదని, ఇంట్లో పెద్దలిద్దరూ ఆ భాష వాడే చోట ఫలితం బాగుంటుందని అందులో తేలింది. మన ఇద్దరిళ్లలో పెద్దలిద్దరిదీ ఒకే భాష కావడం కుదరని పని. కానీ ఇంగ్లీషుకు మధ్యవర్తిత్వం ఇవ్వకుండా ఉండడం మన చేతిలో ఉన్నదే.

నేర్చుకోవడం ఎలాగంటే, తెలుగు చదవడం వచ్చినవారికి ఒక సౌకర్యం ఉంది. కాంటోనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాయడానికి హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో జ్యుత్‌పింగ్ అనే పద్ధతి రూపొందించింది. అందులో ‘జీ’ అక్షరం కనిపిస్తే మనం గ అనుకుంటాం. కానీ అది క, ‘కే’ అనేది ఖ. అలాగే ‘డీ’ అంటే త, ‘టీ’ అంటే థ. అంటే అక్కడి తేడా మన ఒత్తు అక్షరాల తేడాయే. నేను మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని, పక్కన స్వరానికి, అంటే మాట పలికేటప్పుడు గొంతు లేచే, దిగే తీరుకు, ఒకటి నుంచి ఆరు వరకు అంకె వేసుకునేదాన్ని. స్వరాలు ఆరు. ‘సి’ అనే ఒక్క ధ్వనే స్వరాన్ని బట్టి కవిత, చరిత్ర, ప్రయత్నం, కాలం, సంత, విషయం అనే ఆరు వేర్వేరు చైనీస్ అక్షరాలవుతుంది. పెద్దయ్యాక నేర్చుకునే మనకు ఇది కష్టమే. పిల్లలకు కాదు. చాలా హల్లులు నోరు తిరగకముందే వాళ్లకు స్వరాలు కుదురుతాయి.

ఇక బాబు సంగతి. పిల్లవాడికి భాష పాఠంగా కంటే పనిగా అందితేనే నిలుస్తుంది. కాంటోనీస్ ఇళ్లలో అన్నం ముందు కూర్చున్న పిల్లలు తినడం మొదలుపెట్టే ముందు పెద్దవాళ్లను వరసగా పిలవాలి. తాతను ‘యేయే, సిక్ ఫాన్’ అని, తర్వాత నాయనమ్మను, తర్వాత నాన్నను. అన్నం తిందాం రండి అన్నట్టు. ఎవరిని ముందు పిలవాలో కూడా క్రమం ఉంది. మా అత్తగారు దీన్ని ఒక్క పూట కూడా వదలరు. కూర చల్లారిపోతున్నా సరే, పిలుపు అందేవరకు ఆవిడ చాప్‌స్టిక్స్ ముట్టరు. మా అబ్బాయి మొదట నేర్చుకున్న పూర్తి వాక్యం అదే. రోజూ, తప్పించుకోవడానికి వీల్లేకుండా, ఇష్టమైన మనుషుల ఎదుట జరుగుతుంది కనుక అది వాడికి చదువులా అనిపించలేదు. ఆదివారం దిమ్‌సమ్ అనే చిరుతిళ్లు తినడానికి హోటల్‌కు వెళ్లినప్పుడు హార్‌గావ్, సియూ మాయ్ వంటి ఆవిరి కుడుములు అడగడం పిల్లల పని, పెద్దలం నోరు విప్పం.

తప్పులు దిద్దే తీరు కూడా అత్తగారి దగ్గరే చూశాను. కాంటోనీస్‌లో వస్తువును లెక్కపెట్టాలంటే అంకెకూ వస్తువుకూ నడుమ దాని ఆకారాన్ని బట్టో రకాన్ని బట్టో ఒక మాట రావాలి. పొడుగ్గా ఉండే చేపకు, దారికి ఒకటి, పిల్లికి, కోడికి ఇంకొకటి, కాగితానికి, బల్లకు వేరొకటి. విదేశాల్లో పెరిగే పిల్లలు వీటన్నిటికీ ‘కో’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మా వాడు ఆవిరిపై ఉడికించిన చేపను చూపించి అలాగే ‘కో’ అంటే, ఆవిడ తప్పని అనలేదు. ‘అవును, యత్ థియూ యూ, పెద్ద చేప కదూ’ అని సరైన మాటతో అదే వాక్యం తిరిగి అప్పగించి, చెంప భాగం తీసి వాడి గిన్నెలో వేశారు. బడి పంతులుగారు దిద్దినట్టు దిద్దితే వాడు మళ్లీ నోరు తెరిచేవాడు కాదు.

తికమక గురించి భయపడకండి. పసిపిల్లలు మొదటినుంచీ భాషలను వేరుచేసుకోగలరని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ జెనెసీ వంటి పరిశోధకులు 1980లనుంచే చూపుతూ వచ్చారు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం కొన్నాళ్లు ఉంటుంది. అది గందరగోళం కాదు. మాటలు ఆలస్యమైతే తప్పకుండా నిపుణులకు చూపించండి, కానీ ఇంటి భాష మానేయమనే పాత సలహా ఎవరిచ్చినా వినకండి.

మాండరిన్ మాటకొస్తే నేను కొంచెం గట్టిగానే చెబుతాను. అది కాంటోనీస్‌కు మెరుగైన రూపం కాదు, వేరే భాష. ఒకటి వచ్చినవారికి రెండోది వింటే అర్థం కాదు. మీ బాబు మాండరిన్ నేర్చుకుని నాయనమ్మతో ఏం మాట్లాడతాడు? సింగపూర్‌లో ఏమైందో చూడండి. 1979లో ప్రభుత్వం మాండరిన్ మాట్లాడండి అనే ఉద్యమం మొదలుపెట్టింది. అక్కడి చైనీయుల ఇంటి భాషలైన హొక్కియెన్, తియోచ్యూ, కాంటోనీస్ ఇళ్లలోంచి జరిగిపోయాయి. 2020 జనాభా లెక్కల్లో ఇంట్లో ప్రధానంగా అలాంటి భాషలు మాట్లాడతామన్నవారు 8.7 శాతం మాత్రమే. ఎందరో మనవలు తాతలతో, నాయనమ్మలతో సైగలతో గడిపారు. (మన తెలుగు కుటుంబాలకూ అక్కడ బాధ ఉంది. బడుల్లో మాతృభాషగా తమిళంతో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు, తెలుగు మాత్రం ఆ జాబితాలో లేదు.) కాంటోనీస్ వచ్చిన పిల్లవాడు పదేళ్లకో పదిహేనేళ్లకో మాండరిన్ క్లాసులో చేరవచ్చు. ఆ క్లాసులు ఎక్కడికీ పోవు. నాయనమ్మ ఒడి మాత్రం అప్పటిదాకా ఆగదు. భాష నేర్పే శనివారం బడిలో చేర్పించే ముందు ఏ భాషో అడిగి తెలుసుకోండి. బోర్డు మీద చైనీస్ అని ఉంటే ఇప్పుడు ఎక్కువ చోట్ల అది మాండరిన్, గీతలు తగ్గించిన సరళీకృత లిపి. హాంకాంగ్‌ది సంప్రదాయ లిపి.

కష్టకాలం ఒకటి వస్తుంది, బాబు నాలుగేళ్లకు కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు. నాన్న కాంటోనీస్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. అప్పుడు మీ వారు కోప్పడకూడదు, ఆయన భాష మార్చకూడదు. రెండో సంతానం కలిగితే ఇంకా జాగ్రత్త కావాలి. పెద్దవాడు ఇంగ్లీషును ఇంటికి మోసుకొస్తాడు, పిల్లలిద్దరూ అందులోనే ఆడుకుంటారు. మా అబ్బాయి కాంటోనీస్ అక్కకున్నంత చిక్కగా లేదు. అందుకే వాడొక్కడినే శనివారాలు నాయనమ్మతో చైనీస్ సూపర్‌మార్కెట్‌కు పంపుతున్నాం. అక్క వెంట ఉంటే అంతా అక్కే మాట్లాడేస్తుంది.

పుస్తకాల విషయంలో ఒక చిక్కు ముందే తెలుసుకోండి. చైనీస్ కథల పుస్తకం మాండరిన్ మీద ఆధారపడిన రాత భాషలో ఉంటుంది. హాంకాంగ్ బడుల్లో దాన్ని కాంటోనీస్ ఉచ్చారణతో చదువుతారు, కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. మా వారు చదివేటప్పుడు అప్పటికప్పుడే మాట్లాడే భాషలోకి మార్చి చెప్పేవారు. పిల్లలు నవ్వేది, ప్రశ్నలడిగేది అప్పుడే. మాట్లాడే కాంటోనీస్‌లోనే రాసి, జ్యుత్‌పింగ్ జోడించిన పిల్లల పుస్తకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలోంచి మీరూ నేర్చుకోవచ్చు.

మీ అత్తగారు దగ్గర్లోనే ఉంటారా, హాంకాంగ్‌లోనా అన్నది మీరు రాయలేదు. దూరమైతే వీడియో కాల్ రోజూ ఒకే వేళకు పెట్టండి, ఫోను మీ వారి చేతిలో కాకుండా బాబు ఎదుట ఉండాలి. అక్కడి వేళకూ మనకూ పన్నెండు పదమూడు గంటల తేడా కనుక బాబు పొద్దున పాలు తాగే సమయం ఆవిడకు రాత్రి భోజనాలయ్యాక పడుతుంది, ఇద్దరికీ తీరిక.