టెక్ సందేహాలు: నాలుగేళ్ల బాబుకి ఏ ట్యాబ్ కొనాలి?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. బొమ్మలు గీసుకోవడానికి, పాటలు, కథల వీడియోలు చూడటానికి ట్యాబ్ కొందామనుకుంటున్నాం. ఎక్కువ ఖర్చు పెట్టలేం. '8 జీబీ ర్యామ్, పిల్లల కవర్ ఉచితం' అంటూ ఎప్పుడూ పేరు వినని కంపెనీల ట్యాబ్‌లు చవగ్గా కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా? లేదంటే ఇంట్లో ఉన్న పాత ఫోనే ఇచ్చేయమంటారా?

జవాబు: ముందు ఆ '8 జీబీ' సంగతి చూడండి. కిందికి వెళ్లి వివరాలు చదివితే చాలాసార్లు '4+4' అనో '3+5' అనో కనిపిస్తుంది. అసలు ర్యామ్, అంటే నడుస్తున్న యాప్‌లు వాడుకునే తాత్కాలిక మెమరీ, మొదటి అంకె మాత్రమే. రెండోది స్టోరేజీలోంచి కొంత చోటు తీసుకుని ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజీ ర్యామ్ కన్నా చాలా నెమ్మది, చవక ట్యాబ్‌లలో వాడే ఇఎంఎంసీ రకం స్టోరేజీ మరీనూ. కాబట్టి ఆ రెండో అంకెను లెక్కలోకి తీసుకోకండి.

అసలు ర్యామ్ 4 జీబీ ఉంటే మీ అవసరానికి సరిపోతుంది. 3 జీబీతో సర్దుకోవచ్చు. 2 జీబీ వద్దు. దాంతో ఇబ్బంది ఎలా ఉంటుందంటే, బాబు సగం బొమ్మ గీసి పాట పెట్టుకుంటాడు. తిరిగి వచ్చేసరికి ర్యామ్ చాలక డ్రాయింగ్ యాప్‌ను సిస్టమ్ మూసేసి ఉంటుంది. యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, సేవ్ చేయని బొమ్మ పోతుంది. ఆ తర్వాత ఏడుపు ఆపడం మీ పని.

స్టోరేజీ 64 జీబీకి తగ్గొద్దు. 32 జీబీ దాంట్లో సిస్టమ్, ముందే వేసి ఇచ్చే యాప్‌లు కలిసి మూడో వంతుకు పైనే తినేస్తాయి. నాలుగు గేములు, కొన్ని ఆఫ్‌లైన్ వీడియోలు పడ్డాయంటే అప్‌డేట్‌లకు చోటుండదు. 'మెమరీ కార్డు వేసుకోవచ్చు కదా' అంటారు. వీడియోలకు, ఫొటోలకు కార్డు పనికొస్తుంది కానీ యాప్‌లు చాలావరకు లోపలి స్టోరేజీలోనే కూర్చుంటాయి.

ఇక ఊరూపేరూ లేని కంపెనీల విషయం. ఇక్కడ భయపడాల్సింది వేగం గురించి కాదు, లోపల ఏ సాఫ్ట్‌వేర్ వేసి పంపారో తెలియకపోవడం గురించి. ఇలాంటి చవక పరికరాల్లో మాల్‌వేర్ ముందే ఎక్కి వచ్చిన సందర్భాలున్నాయి. ట్యాబ్ రాగానే ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో 'అబౌట్' దగ్గర ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే పరికరానికి గూగుల్ ఆమోదం ఉందో లేదో, చూడండి. పరికరం సర్టిఫైడ్ అని లేకపోతే గడువు దాటకముందే వెనక్కి పంపేయండి. ట్యాబ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కూడా ఉంటుంది. అది రెండేళ్ల నాటిదైతే కొత్త డబ్బాలో పాత సరుకు వచ్చినట్టే. అమెజాన్ ఫైర్ ట్యాబ్‌లు చూస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి: వాటిలో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, అమెజాన్ సొంత స్టోరే. మీకు కావాల్సిన యాప్‌లు అందులో ఉన్నాయో లేదో కొనేముందే వెతకండి.

సైజు 8 అంగుళాలు చాలు. 10 అంగుళాలది దాదాపు అరకిలో ఉంటుంది, దానికి కవర్ బరువు అదనం. నాలుగేళ్ల చేతులు మోయలేవు, ఒళ్లో పెట్టుకుని మెడ వంచేస్తారు. 8 అంగుళాలకు 1280x800 రిజల్యూషన్ సరిపోతుంది కానీ ఐపీఎస్ తెర అయి ఉండాలి. లేకపోతే కాస్త పక్క నుంచి చూసినా రంగులు మారిపోతాయి. ఛార్జింగ్ పోర్టు టైప్-సి ఉన్నదే తీసుకోండి. పాత మైక్రో యూఎస్‌బీ ఒకవైపే పడుతుంది, పిల్లలు తిరగేసి గుచ్చి పోర్టు విరగ్గొడతారు. మరో మాట, ట్యాబ్ ఖాయం చేసేముందు ఆ మోడల్‌కి మూలలు మందంగా ఉండే ఫోమ్ కవర్ దొరుకుతుందో లేదో చూడండి. పెద్దగా అమ్ముడుపోని మోడళ్లకు కవర్లు దొరకవు. కెమెరా, సిమ్, కదలికలు సాఫీగా కనిపించే 90 హెర్ట్జ్ తెరల కోసం ఒక్క పైసా ఎక్కువ పెట్టకండి.

పాత ఫోన్ ఇవ్వొచ్చు, కానీ ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే. మీ మెయిల్, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్ అలాగే ఇవ్వొద్దు. వెనుక మూత ఉబ్బినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని అసలు వాడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, చేతికిచ్చే ముందే సెటప్ పూర్తి చేయడం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తొందరలో మీ గూగుల్ ఖాతా పెట్టేస్తే మీ మెయిల్, కాంటాక్టులు, ప్లే స్టోర్‌లో సేవ్ చేసిన కార్డు అన్నీ బాబు చేతికి వెళ్తాయి. దాని బదులు మీ ఫోన్‌లో పిల్లల ఖాతాను అదుపులో ఉంచే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకుని, బాబు పేరుతో ఖాతా తెరిచి, ట్యాబ్‌లో అదే పెట్టండి. కొత్త యాప్ దేనికైనా మీ అనుమతి తప్పనిసరి చేయండి. రోజువారీ పరిమితి, రాత్రి పడుకునే వేళ పెట్టండి. 3, 4 ఏళ్ల వాళ్లకు కూర్చుని తెర చూసే సమయం రోజుకి గంట దాటొద్దని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు ఫోన్‌లో పరిమితి మారిస్తే ట్యాబ్‌కి నెట్ ఉన్నప్పుడే అది చేరుతుంది. 'పెట్టినా పని చేయట్లేదు' అనిపిస్తే ముందు వైఫై చూడండి.

మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ వేసి, మీరు ఆమోదించిన వీడియోలే కనిపించే సెట్టింగ్ ఎంచుకోండి. ఒక్కో వీడియో ఎంచడం విసుగే, కానీ ఈ వయసుకి పది పన్నెండు ఛానెళ్లు చాలు. ఒకే యాప్‌లో ఉంచాలంటే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'యాప్ పిన్నింగ్' ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టండి.

ప్రశ్న: మా పాప ట్యాబ్ ఛార్జింగ్‌లో పెడితే తెర దానంతటదే నొక్కుకుంటోంది. బొమ్మ గీస్తే గీత ఎగిరెగిరి పడుతోంది. తెర పోయిందా?

జవాబు: కేబుల్ తీసి చూడండి. వెంటనే కుదురుకుంటే తప్పు ఛార్జర్‌దే. నాసిరకం ఛార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడిని తెర వేలి స్పర్శ అనుకుంటుంది. ట్యాబ్‌తో వచ్చిన ఛార్జర్ వాడండి, ఛార్జింగ్‌లో ఉండగా పాప చేతికి ఇవ్వకండి. కేబుల్ తీసినా అలాగే ఉంటే తెర తడి తుడవండి, గాజు స్టిక్కర్ కింద గాలి బుడగలుంటే స్టిక్కర్ తీసి చూడండి. అప్పటికీ మారకపోతేనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.