ఓఎస్/2 మంచిచెడులు తూచేటప్పుడు

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. కాలేజీలో ఓఎస్/2 అనే పాత కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మాట్లాడబోతున్నానని రాశావు. అది నిజంగా మంచిదేనా, లేక ఓడిపోయిందన్న జాలితో జనం పొగుడుతున్నారా అని అడిగావు. నీ వయసు పిల్ల ఈ ప్రశ్న అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది. నేను ఏళ్ల తరబడి దానితో పనిచేసినవాణ్ని, దానిమీద నాకు ఇష్టం ఉంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఇది చదువు.

ముందుగా, ఓఎస్/2 అంటే ఒకే వస్తువు అనుకోకు. 1987 డిసెంబర్‌లో వచ్చిన 1.0 వేరు, 1992లో వచ్చిన 2.0 వేరు. మొదటిది ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి ఇంటెల్ 286 ప్రాసెసర్ కోసం రాసింది. అందులో కిటికీలూ బొమ్మలూ లేవు. అవి మరుసటేడు 1.1తో, ప్రెజెంటేషన్ మేనేజర్ పేరుతో వచ్చాయి. డాస్ అంటే అంతకుముందు పీసీల్లో ఉన్న సిస్టమ్. దాని పాత ప్రోగ్రామ్ ఒకసారికి ఒక్కటే నడిచేది, అదీ తెర మొత్తం తనే తీసుకుని. అసలు చిక్కు 286లోనే ఉంది. ఆ ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని చెడగొట్టకుండా కాపాడే పద్ధతి) వెళ్లాక డాస్ నడిచే మామూలు మోడ్‌కి రావాలంటే దాన్ని రీసెట్ చేయాల్సిందే. అప్పటికే దాని తర్వాతి 386 ప్రాసెసర్ బజారులో ఉన్నా, 286 యంత్రాలు కొన్నవాళ్లకి ఇచ్చిన మాట కోసం ఐబీఎం పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. ఓఎస్/2ని తిట్టేవాళ్లు చాలావరకు ఈ 1.x చూసినవాళ్లు, మెచ్చుకునేవాళ్లు 2.0, దాని తర్వాత వార్ప్ పేరుతో వచ్చిన వెర్షన్లు వాడినవాళ్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే నీ ప్రసంగంలో ఏ వెర్షన్ గురించి మాట్లాడుతున్నావో ప్రతిచోటా చెప్పు.

రెండోది, దేని పక్కన పెట్టి చూస్తున్నావన్నది. ఇవాళ్టి లైనక్స్ పక్కన పెడితే ఏ పాత సిస్టమ్ అయినా దిగదుడుపే. ఓఎస్/2 2.0కి సరైన జోడీ విండోస్ 3.1. రెండూ 1992 వసంతంలోనే వచ్చాయి. విండోస్ 3.1లో ఒక ప్రోగ్రామ్ తనంతట తాను పక్కకి తప్పుకుంటేనే ఇంకోదానికి వంతు వచ్చేది. ఓఎస్/2లో వంతులు సిస్టమే వేసేది, ఎవరి టైమ్ అయిపోతే వాళ్లని లేపేసేది. ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద తేడానో కళ్లారా చూస్తే తప్ప అర్థం కాదు. ఒక పక్క ఫ్లాపీ ఫార్మాట్ అవుతుంటే, ఇంకో పక్క మోడెమ్‌తో ఫైల్ దిగుతుంటే, మధ్యలో నువ్వు నింపాదిగా ఉత్తరం టైప్ చేసుకోవచ్చు. డాస్ ప్రోగ్రాములకి దేనికది విడి యంత్రం ఇచ్చినట్టు ఉండేది. ఒకదానికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఇంకోదానికి ఏ సెట్టింగ్ కావాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఒకటి కూలిపోయినా పక్కదానికి ఏమీ కాదు.

ఇదే న్యాయంతో 1996 నాటి వార్ప్ 4ని, ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ చేసిన విండోస్ ఎన్‌టీ 4.0 పక్కన పెట్టు. అప్పుడు లెక్క తారుమారవుతుంది. ఏ ఫైల్ మీద ఎవరికెంత హక్కు అనే భద్రత మామూలు వార్ప్‌లో లేదు, ఎన్‌టీలో మొదటినుంచీ ఉంది. ఆ ఎన్‌టీ కూడా మొదట ఓఎస్/2 తర్వాతి వెర్షన్‌గా మొదలైన పనే. 1990లో విండోస్ 3.0 బాగా అమ్ముడుపోయాక రెండు కంపెనీలూ విడిపోయి అది వేరే దారి పట్టింది. 

చదివినదాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకు తల్లీ, వాడి చూడు. 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) 486 యంత్రం పెట్టుకుని 8 ఎంబీ మెమరీ ఇవ్వు. 512 ఎంబీ ఇచ్చి "అబ్బ, ఎంత వేగం" అనడంలో అర్థం లేదు, ఆ రోజుల్లో అంత మెమరీ ఇళ్లల్లో ఎవరికుంది? తర్వాత 4కి తగ్గించి చూడు. 2.0కి 4 ఎంబీ చాలని ఐబీఎం చెప్పేది. చాలడమంటే ఏమిటో నీకే తెలుస్తుంది, డిస్క్ లైటు ఆరదు, మెమరీ చాలక డిస్క్‌మీద వాడుకునే స్వాపర్ ఫైల్ పెరుగుతూనే ఉంటుంది. అదే 4 ఎంబీలో విండోస్ 3.1 హాయిగా నడిచేది. మెమరీ ఖరీదైన రోజుల్లో ఇది చిన్న లోపం కాదు, కొనేవాడి జేబుకి తగిలే లోపం. 86బాక్స్ బదులు వర్చువల్‌బాక్స్ వాడితే మాత్రం హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ (ప్రాసెసరే సాయం చేసే సెట్టింగ్) ఆన్ చేసి ఉంచు. ఎందుకంటే మిగతా సిస్టమ్‌లు సాధారణంగా ముట్టని రింగ్ 2 అనే ప్రాసెసర్ అధికార స్థాయిని ఓఎస్/2 వాడుతుంది. డిస్క్ సైజు 2 జీబీ లోపే పెట్టు, పాత డ్రైవర్లకి పెద్ద డిస్కులు అర్థం కావు.

ఎక్కించాక కనీసం వారం రోజులు దానిమీదే నీ నోట్సు రాసుకో. వర్క్‌ప్లేస్ షెల్ అనే దాని డెస్క్‌టాప్ గొప్పతనం ఒక్క పూటలో బయటపడదు. అందులో తెరమీద కనిపించే ప్రతిదీ ఒక వస్తువే. షాడో అని ఉంటుంది, విండోస్ షార్ట్‌కట్ లాంటిదే, కానీ అసలు ఫైల్‌ని వేరేచోటికి జరిపినా షాడో దాన్ని వదలదు. ఫోల్డర్‌ని వర్క్ ఏరియాగా మార్చి చూడు. దాన్ని మూస్తే అందులోంచి తెరిచినవన్నీ మూసుకుంటాయి, మళ్లీ తెరిస్తే అన్నీ లేచి వస్తాయి. నేను రకరకాల సిస్టమ్‌లు వాడాను, ఇంత బుద్ధిగా పనిచేసే డెస్క్‌టాప్ నాకు మళ్లీ దొరకలేదు. రెక్స్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా సిస్టమ్‌తోపాటే వచ్చేది, విడిగా ఏమీ కొనక్కర్లేదు. అదెంత సుఖమో చిన్న చిన్న పనులకి నాలుగు లైన్లు రాసుకుంటే నీకే తెలుస్తుంది.

ఇప్పుడు లోపాల దగ్గర కూడా అంతే శ్రద్ధగా నిలబడు. అన్నిటికన్నా పెద్దది ఒకే ఇన్‌పుట్ క్యూ. కీబోర్డు, మౌస్ నుంచి వచ్చే కబుర్లన్నీ ఒకే వరసలో వెళ్తాయి. రేషన్ షాపులో ముందు నిలబడ్డ మనిషి కౌంటర్ వదలకపోతే వెనకవాళ్లంతా ఆగినట్టు, ఒక ప్రోగ్రామ్ తన కబురు తీసుకోకపోతే తెర మొత్తం బిగుసుకుపోతుంది. లోపల మిగతా పనులు నడుస్తూనే ఉంటాయి, డౌన్‌లోడ్ ఆగదు. కానీ తెరముందు కూర్చున్న మనిషికి అది చచ్చిన యంత్రమే కదా! తర్వాత ఫిక్స్‌పాక్‌లలో (ఐబీఎం ఇచ్చిన సవరణల మూటలు) దీనికి కొంత మందు వేశారు, జబ్బు పూర్తిగా పోలేదు. రెండోది డెస్క్‌టాప్ సెట్టింగులు దాచుకునే ఐఎన్ఐ ఫైళ్లు. అవి చెడితే అంత అందమైన డెస్క్‌టాప్ చెల్లాచెదురయ్యేది. అభిమానులు ఈ రెండింటినీ దాటేస్తుంటారు. నువ్వు దాటెయ్యకు, ఎందుకంటే ఇవి డిజైన్‌లోనే ఉన్నవి.

ఇక ఎందుకు ఓడిపోయింది అన్నది. అది వేరే ప్రశ్న. ఓడిందంటే బాగాలేదనీ కాదు, బాగుండబట్టే కుట్ర చేసి ఓడించారనీ కాదు. ఆనాటి విండోస్ ప్రోగ్రాములు ఓఎస్/2లో చక్కగా నడిచేవి. ఇక దానికోసం విడిగా రాయాల్సిన అవసరం ఏ కంపెనీకి ఉంటుంది? కొనేవాడికి సుఖమైన ఆ సౌకర్యమే సిస్టమ్‌కి సొంత ప్రోగ్రాములు లేకుండా చేసింది. 1995లో విండోస్ 95 వచ్చి ప్రోగ్రాములు ఓఎస్/2లో నడవని కొత్త పద్ధతికి మారేసరికి ఇటు ఏమీ మిగల్లేదు. వ్యాపార ఒత్తిడి కూడా నిజమే. తన కంప్యూటర్లలో వేసి అమ్ముకోవడానికి ఐబీఎంకి విండోస్ 95 లైసెన్స్ ఆగస్టు 24న విడుదల సభకి పావుగంట ముందు మాత్రమే దక్కిందని అమెరికా కోర్టు 1999లో తన నిర్ధారణల్లో రాసింది. ఇది చెప్పు, కానీ దీన్ని సిస్టమ్ మంచితనానికి సాక్ష్యంగా చూపించకు.

బజారులో ఓడినా పని దగ్గర అది చాలాకాలం నిలిచింది. ఎన్నో దేశాల ఏటీఎంలలో నడిచింది, న్యూయార్క్ సబ్‌వే వారి మెట్రోకార్డ్ టికెట్ వ్యవస్థలోనూ పనిచేసింది. ఐబీఎం సపోర్ట్ 2006 చివరితో ఆగిపోయింది. ఇప్పటికీ ఆర్కా నోయే అనే సంస్థ లైసెన్స్ తీసుకుని ఆర్కాఓఎస్ పేరుతో అమ్ముతోంది. 2023లో వచ్చిన 5.1 యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ని లేపే కొత్త పద్ధతి) ఉన్న కొత్త కంప్యూటర్ల మీద కూడా లేస్తుంది. కానీ నీ పనికి అది కొననక్కర్లేదు, 2.0 లేదా వార్ప్ 3 చూస్తే చాలు.

ప్రసంగం రోజున స్లైడ్లు తగ్గించి ఎమ్యులేటర్ తెరిచి చూపించు. ముందు 8 ఎంబీతో ఫ్లాపీ ఫార్మాట్, ఒక డాస్ ఆట, ఒక విండోస్ ప్రోగ్రామ్ ఒకేసారి నడిపించు. ఆ తర్వాత 4 ఎంబీతో అదే పని చేయించు. రెండూ చూపించాకే నీ అభిప్రాయం చెప్పు. ఎక్కించేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే టెన్షన్ పడకుండా తెర ఫోటో తీసి పంపు, సిస్టమ్ సెట్టింగులుండే కాన్ఫిగ్.సిస్ ఫైల్ కూడా జతచెయ్యి. రాత్రి 9 దాటాక ఫోన్ చేసినా ఫర్వాలేదు, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
నీ పెదనాన్న