బ్రౌజర్ ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

లినక్స్‌లోకి మారినంత మాత్రాన వెబ్‌సైట్లు నీ వెంటపడడం ఆగదురా. వాళ్లు చూసేది బ్రౌజర్‌లోంచి. పైగా లినక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు తక్కువమంది కాబట్టి ఇంకాస్త తేలిగ్గా గుర్తుపడతారు. అందుకే పేరు చూసి ఎంచుకోకు, ముందు రెండు సంగతులు తేల్చుకో. ఆ బ్రౌజర్‌కి భద్రతా అప్‌డేట్లు నీ దాకా ఏ దారిలో, ఎంత త్వరగా వస్తాయి? నీకు కావలసింది ట్రాకర్లను (సైట్లలో దాక్కుని నీ రాకపోకలు గమనించే కోడ్‌ను) అడ్డుకోవడమా, అందరిలాగే కనబడి గుంపులో కలిసిపోవడమా?

మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం దానికే పెద్ద పీట వేస్తాను. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) 22.04 నుంచి ఏపీటీతో, అంటే దాని ప్యాకేజీ మేనేజర్‌తో, ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ చేసినా వచ్చేది స్నాపే (ఉబుంటు వాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి). దానంతట అదే అప్‌డేట్ అవుతుంది కాబట్టి భయం లేదు. పాత తరహా డెబ్ ప్యాకేజీ కావాలంటే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సొంత ఏపీటీ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) 2024 జనవరి నుంచి ఉంది. రిపాజిటరీ కలిపి ఊరుకుంటే మళ్లీ స్నాపే వస్తుంది. ఉబుంటు ప్యాకేజీ వెర్షన్ 'ఒకటి, కోలన్' అని మొదలవుతుంది కాబట్టి ఏపీటీ దాన్నే కొత్తదనుకుంటుంది. ఏపీటీ ప్రిఫరెన్సెస్ ఫైల్లో మొజిల్లా రిపాజిటరీకి పిన్ ప్రయారిటీ (దేనికి ముందు చోటివ్వాలో చెప్పే అంకె) 1000 ఇవ్వు, సరిపోతుంది.

టార్‌బాల్ (సైటు నుంచి దించుకున్న కట్ట ఫైలు) విప్పి రూట్ (అడ్మిన్ ఖాతా) పేరు మీద సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టావంటే మాత్రం ఫైర్‌ఫాక్స్ తనను తాను అప్‌డేట్ చేసుకోలేదు, ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు దానికి ఉండదు. ఉబుంటు 24.04లో మరో చిక్కు ఉంది. ప్రోగ్రాములను విడిగా బంధించి ఉంచడానికి వాడే యూజర్ నేమ్‌స్పేస్‌లను యాప్‌ఆర్మర్ (ఉబుంటు భద్రతా కాపలా) కట్టడి చేస్తుంది, దాంతో ఇలా విప్పుకున్న బ్రౌజర్ల శాండ్‌బాక్స్ (సైటు కోడ్ మిగతా కంప్యూటర్‌ను ముట్టకుండా కట్టిన గోడ) బలహీనపడుతుంది. అడ్రస్ బార్‌లో about:support అని కొడితే వచ్చే పేజీలో శాండ్‌బాక్స్ భాగం తెరిచి చూడు, యూజర్ నేమ్‌స్పేసెస్ ఎదురుగా 'ఫాల్స్' ఉంటే ఆ ఇన్‌స్టాలేషన్ వదిలెయ్. ఫ్లాట్‌ప్యాక్‌లో (లినక్స్ రకాలన్నిటికీ పనికొచ్చే మరో ప్యాకేజీ పద్ధతి) అప్‌డేట్లు బాగానే వస్తాయి గాని, బయట ఉన్న కీపాస్‌ఎక్స్‌సీ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌తో బ్రౌజర్ మామూలుగా మాట్లాడలేదు. డెబియన్ (మరో లినక్స్ రకం) ఇచ్చే ఈఎస్‌ఆర్ వెర్షన్ (ఎక్కువకాలం మద్దతు ఉండే ఫైర్‌ఫాక్స్) పాతదిలా కనిపించినా భద్రతా సవరణలు అందుతూనే ఉంటాయి, నిశ్చింతగా వాడుకో.

రోజువారీ పనులకు, అంటే బ్యాంకు, మెయిలు, నీ పేరుతో లాగిన్ అయ్యే ప్రతిదానికీ ఫైర్‌ఫాక్సే చాలు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో ట్రాకింగ్ రక్షణను స్ట్రిక్ట్‌కు మార్చు. ఏ సైటైనా లాగిన్ దగ్గర మొరాయిస్తే అడ్రస్ బార్‌లో డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకే సడలించు. అదే పేజీలో డేటా సేకరణ టిక్కులన్నీ తీసెయ్, హెచ్‌టీటీపీఎస్-ఓన్లీ మోడ్ అన్ని విండోలకూ పెట్టు. పాస్‌వర్డులు బ్రౌజర్‌లోనే దాచుకుంటే ప్రైమరీ పాస్‌వర్డ్ తప్పనిసరి, లేకపోతే నీ ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకున్నవాళ్లు అన్నీ చదివేయగలరు. ఎక్స్‌టెన్షన్లలో యూబ్లాక్ ఆరిజిన్ (ప్రకటనలను, ట్రాకర్లను అడ్డుకునేది) ఒక్కటి చాలు. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రస్ అడిగే ప్రశ్నలను గుప్తంగా పంపే పద్ధతి) పెడితే నువ్వు అడిగే సైట్ల పేర్లు ఇంటర్నెట్ కంపెనీ బదులు ఆ డీఎన్ఎస్ నడిపేవాళ్లకు తెలుస్తాయి. ఎవరిని నమ్ముతావో నువ్వే తేల్చుకో. ఇంట్లో పై-హోల్ (ఇంటి నెట్‌వర్క్ మొత్తానికీ ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ సర్వర్) ఉంటే, ఈ సెట్టింగులో మ్యాక్స్ ప్రొటెక్షన్ పెట్టావో దాన్ని దాటేసి పోతుంది.

ఈ సెట్టింగులన్నీ చేసే ఓపిక లేకపోతే లిబ్రెవుల్ఫ్ ఉంది. అది ఫైర్‌ఫాక్సే, టెలిమెట్రీ (వాడకం వివరాలు తయారీదారుకు పంపడం) తీసేసి, యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి ఇస్తారు. అయితే వాడిన రెండో రోజే 'ఇది పాడైంది' అనుకుంటావు. మూసి తెరిస్తే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయి ఉంటావు, కుకీలు చెరిపేస్తుంది కనుక. క్యాలెండర్‌లో మీటింగు గంటలు తేడాగా కనిపిస్తాయి, టైమ్‌జోన్‌ను యూటీసీ అని చెబుతుంది కనుక. ఫొటో కత్తిరించి అప్‌లోడ్ చేసే సైట్లలో బొమ్మకు బదులు చారలు వస్తాయి, కాన్వాస్‌ను (పేజీలో బొమ్మలు గీసే చోటును) సైటును చదవనివ్వదు కనుక. కుకీల సంగతి తప్ప మిగతా రెండూ ఫింగర్‌ప్రింటింగ్‌ను (నీ బ్రౌజర్ వివరాలన్నీ కలిపి నిన్ను గుర్తుపట్టడాన్ని) అడ్డుకునే సెట్టింగు పనులే. కావలసిన సైటుకు కుకీ మినహాయింపు, కాన్వాస్ అనుమతి విడివిడిగా ఇచ్చుకో. ఫిషింగ్ సైట్ల గురించి హెచ్చరించే సేఫ్ బ్రౌజింగ్ కూడా ఇందులో ఆపేసి ఉంటుంది, అది గుర్తుపెట్టుకో. ఇది తనంతట తాను అప్‌డేట్ కాదు, ప్యాకేజీ మేనేజర్ ద్వారానే వేసుకో.

ఇక గుంపులో కలవడం. 2023 ఏప్రిల్‌లో టోర్ ప్రాజెక్టూ ముల్వాడ్ వీపీఎన్ సంస్థా కలిసి ముల్వాడ్ బ్రౌజర్ తెచ్చాయి. అది వాడేవాళ్లందరూ వీలైనంత ఒకేలా కనబడాలన్నది దాని పద్ధతి. అందుకే పేజీ చుట్టూ బూడిదరంగు అంచులు వస్తాయి, నీ తెర అసలు కొలత బయటపడకుండా. వాటిని లోపమనుకుని సరిచేయబోకు. నాలుగు ఎక్స్‌టెన్షన్లు కలిపినా, భాషల జాబితా మార్చినా ఆ గుంపులోంచి బయటికొచ్చినట్టే. నీ ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో నీ కనెక్షన్ చిరునామాను) మాత్రం ఇది దాచదు, దానికి వీపీఎన్ (నీ ట్రాఫిక్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) వేరుగా కావాలి. ఐపీ కూడా కనబడకూడదంటే టోర్ బ్రౌజర్, అది నీ ట్రాఫిక్‌ను పలు సర్వర్ల మీదుగా తిప్పి పంపుతుంది. నెమ్మదిగా ఉంటుంది. అందులో నీ అసలు పేరున్న ఖాతాతో లాగిన్ అయ్యావంటే, ఆ సైటుకు నువ్వెవరో నువ్వే చెప్పినట్టు.

క్రోమియం జాతివాటిలో, అంటే క్రోమ్ కోడ్ మీద కట్టిన బ్రౌజర్లలో, మేనిఫెస్ట్ వీ3 (ఎక్స్‌టెన్షన్లకు గూగుల్ పెట్టిన కొత్త నియమాలు) వచ్చాక క్రోమ్‌లో అసలు యూబ్లాక్ ఆరిజిన్‌కు చోటు లేకుండా పోయింది, లైట్ వెర్షన్ ముందే రాసిపెట్టిన నియమాలతో నెట్టుకొస్తుంది. బ్రేవ్‌లో అడ్డుకునే యంత్రాంగం బ్రౌజర్‌లోనే ఉంది కనుక దానికి ఆ దెబ్బ తగల్లేదు. క్రోమియం తప్పని సైట్ల కోసం అదొకటి ఉంచుకో. రివార్డ్స్, వ్యాలెట్, వినియోగ గణాంకాలు పంపే టిక్కు మొదటి రోజే ఆపెయ్. వీటిలో పాస్‌వర్డులు దాచేటట్టయితే గ్నోమ్ కీరింగో కేవ్యాలెట్టో (పాస్‌వర్డుల తాళంచెవిని దాచే లినక్స్ ప్రోగ్రాములు) నడుస్తుండాలి, లేకపోతే పాస్‌వర్డులకు వేసిన తాళం పేరుకే. అన్‌గూగుల్డ్ క్రోమియం (గూగుల్ సేవలు తీసేసిన క్రోమియం) ఆశయం మంచిదే, కానీ నీ డిస్ట్రోకు (నువ్వు వాడే లినక్స్ రకానికి) దాన్ని బిల్డ్ చేసేవాళ్లు ఒక్క నెల ఆలస్యం చేసినా బయటపడ్డ లోపాలతోనే తిరుగుతుంటావు. నేనైతే సలహా ఇవ్వను.

అంతా అయ్యాక ఈఎఫ్‌ఎఫ్ (డిజిటల్ హక్కుల సంస్థ) వాళ్ల కవర్ యువర్ ట్రాక్స్ పరీక్ష చేసి చూడు. బ్రేవ్‌లో 'యునీక్' అని వస్తే బెంగపడకు, అది ఫింగర్‌ప్రింట్‌ను మార్చి మార్చి చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అలా వస్తే ముందు నీ ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరువు, ఆర్నెల్లుగా ముట్టనివన్నీ తీసేసి మళ్లీ పరీక్షించు.

ఇట్లు,
మామయ్య